అగడ్తలో తుంగ

టేపుకి రెండో కొస పట్టుకునే ఉద్యోగం నాది.
సున్నా ఉండే కొస.
అంకె చదివేది ఏఈ గారు,
పుస్తకంలో ఎక్కించేది ఇంకొకరు.
నేను మోకాళ్ళ దాకా బురదలో దిగి
సున్నాని కదలకుండా పట్టుకుంటాను.

ఆ వేసవిలో అగడ్త వెడల్పు అట్లా కొలిచాం.
ఒకచోట పదకొండు మీటర్లు,
మటన్ కొట్ల వెనక నాలుగున్నర.
"ఇంత సన్నబడిందేం?" అన్నాడు ఏఈ.
గట్టు మీద బీడీ కాలుస్తున్న గౌస్ బాషా
"శత్రువులు తగ్గినారు గదా సార్" అన్నాడు.

కోటమిట్ట అంటే ఆటోవాడు దింపుతాడు గానీ
దిగి చూస్తే కోట ఉండదు.
రాళ్ళు ఎవరి పునాదుల్లోకో పోయాయి,
బురుజు మట్టి ఇటుకల బట్టీకి పోయింది,
గుంటని మాత్రం
ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు.

పూడిక తీస్తుంటే ఏమేం బయటపడ్డాయో
పుస్తకంలో లేని లెక్క నా దగ్గరుంది.
ఒంటి చెవి కూజా, సైకిల్ రిమ్ములు మూడు,
తుప్పు ముద్ద ఒకటి,
ఫిరంగి గుండన్నారు సార్లు,
తూకం రాయన్నాడు బాషా.
ఆఖరికి ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు.
పళ్ళని చూసి అందరం నవ్వాం.
తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు.

తుంగ లెక్కలోకి రాలేదు.
ఎస్టిమేటులో ఒక్క వరసే:
'పిచ్చిమొక్కల తొలగింపు, చదరపు మీటరుకి ఇంత.'

ఆ వరసలో పెంచలమ్మ ఉంది.

మూలపేట నించి తెల్లారకముందే వచ్చి
కొడవలితో నీటి అంచుకి దిగేది.
కోసి, చీల్చి, ఎండేసి, చాపలల్లేది.
జలగ పట్టినచోట ఇంత సున్నం అద్దుకునేది.
ఊళ్ళో ఎందరు ఆ చాపల మీద పుట్టారో,
ఎందరిని ఆ చాపల్లోనే చుట్టి
బోడిగాడితోటకి మోశారో.
నేను టేపుతో దిగిన మొదటిరోజు
"అబ్బయా, ఆడ దిగబాక, ఈ పక్కన అడుగెయ్యి" అంది.
ఏఈ గడకర్ర గుచ్చి చూశాడు.
ఆమె వద్దన్నచోట కర్ర మొత్తం పోయింది.

ఇప్పుడు పార్కయింది.
ఎవరూ లోపలికి రాకూడదని తవ్విన గుంట
పది రూపాయల టిక్కెట్టు చించుకుని రమ్మంటుంది.
సోమవారం సెలవు.
రాతి పలకల దారి, స్టీలు రెయిలింగు,
హంస పడవలు ఆరు,
ఒక హంసకి మెడ విరిగితే నైలాను తాడుతో కట్టారు.
పెన్న మీదుగా గాలి తిరిగిందంటే
పగలంతా వేగిన నెల్లూరు వచ్చి కూచుంటుంది.
బురఖా అంచులు కాస్త పైకెత్తి
నీళ్ళలో పాదాలు పెట్టుకున్న అమ్మాయిలు,
నడకని మాత్రలా మింగే షుగరు పెద్దమనుషులు.
బాగుంది. అబద్ధమెందుకు.
నా కూతురు సైకిలు నేర్చుకుంది ఇక్కడే.
నేను సున్నా పట్టుకు నిలబడ్డచోట
నీటి మీద లైటు ఎరుపై, మళ్ళీ పచ్చనై మారుతుంటుంది.

పెంచలమ్మకీ ఇక్కడే పని.
కాంట్రాక్టరిచ్చిన నారింజరంగు కోటు,
చీర మీద, రెండు సైజులు పెద్దది.
తుంగ పీకాలి.
రాళ్ళ సందుల్లో
రాత్రికి రాత్రి మొలిచే తుంగ.
"కోసి అల్లితే చాప చాపకీ బేరమాడినారు.
పీకి పారేస్తే
బేరం లేకుండా జీతమిస్తుండారు సామీ" అంటుంది.
నవ్వుతూనే.
అది ఫిర్యాదో కాదో
నాకు ఇప్పటికీ తెలీదు.

నిన్న గేట్లు మూసే వేళ
పీకిన తుంగ కుప్పలో లేదు,
రెయిలింగు పొడుగునా ఆరేసి ఉంది.
వాచ్‌మన్ విజిలేశాడు.
"తడిది బరువు గదా,
చెత్తబండోళ్ళు తిడతారు, ఆరనీ" అంది
తలెత్తకుండా.

నేను వంగి ఒక గుప్పెడు పట్టి చూశాను.
వేళ్ళు తెగ్గోసి ఉన్నాయి.
ప్రతి పోగూ రెండుగా చీల్చి ఉంది,
అన్నీ ఒకే పొడవు,
టేపు లేకుండానే.